అచ్చుకెక్కని టేకులు

మదనపల్లె బెంగళూరు బస్టాండు వెనక సందులో నా షాపు ముప్పై ఏళ్లకు పైగా నడిచింది. బోర్డు మీద ‘రేడియో, టేప్‌రికార్డర్ రిపేరు’ అని ఉండేది. నిజానికి ఆ పని చేసింది మొదటి పదేళ్లే. తక్కిన కాలమంతా పాత ఇంగ్లీషు రాక్ పాటల గ్రామఫోన్ ప్లేట్లు, రీలు టేపులు వెతికి పట్టుకోవడం, వాటిని శుభ్రం చేయడం, విని అసలుదేదో చెప్పడం, బెంగళూరుకు పంపడం, ఇదే నా పని. సోమల దగ్గర పల్లెలో కూలికి పోయే ఇంట్లో పుట్టి, ఐటీఐలో రేడియో మెకానిక్ నేర్చుకున్నవాడిని. నాకు ఇంగ్లీషు బోర్డులు చదివేంత మాత్రమే వచ్చు. వేలసార్లు విన్న పాటల్లో ఒక్కదానికైనా అర్థం ఇప్పటికీ తెలియదు.

ఈమధ్య ఆ ప్లేట్ల మీద మళ్లీ మోజు పుట్టింది. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఫోన్ చేసి ఈ పని ఎలా నేర్చుకోవాలని అడిగారు. ఏ ముల్లు వాడాలి, దేనితో కడగాలి అన్నవి ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతాయి. నేను చేసిన తప్పులు మాత్రం నా దగ్గర తప్ప దొరకవు. అందుకని రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. స్టూడియోలో ఒక పాటను ఒకసారి పాడి లేచిపోరు. అయిదుసార్లో పదిహేనుసార్లో వాయిస్తారు. ఒక్కోసారి వాయించినదాన్ని ఒక టేకు అంటారు. అందులో ఒకటి ప్లేటు మీద అచ్చవుతుంది, తక్కినవి టేపుల్లో మూలన పడతాయి. అచ్చయిన పాటను కూడా ఆ రోజుల్లో రెండు రకాలుగా కలిపేవాళ్లు. ఒక స్పీకరుకు సరిపోయేది మోనో, రెండు స్పీకర్లకు పంచేది స్టీరియో. బ్యాండువాళ్లు దగ్గర కూర్చుని కలిపించుకున్నది చాలాసార్లు మోనోనే. స్టీరియోను తర్వాత ఎవరో ఒకరు కలిపేసేవారు. అందుకే ఒకే పాట రెండింటిలో ఒకేలా ఉండదు. ఒకదాంట్లో గిటారు ఆలస్యంగా ఆగుతుంది, ఇంకోదాంట్లో ఒక చరణం వేరే టేకులోది. ఈ తేడాల కోసం ప్రాణం పెట్టేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు.

మన ఇళ్లలో ఉన్నవి ఒక స్పీకరు ప్లేయర్లు కాబట్టి మన దేశంలో మోనో ప్లేట్లు చాలాకాలం అచ్చయ్యాయి. మదనపల్లె చల్లని ఊరు, బయటి దేశాల డాక్టర్లు, పంతుళ్లు వచ్చి ఏళ్లతరబడి ఉండిపోయేవారు. కుప్పం పక్క బంగారు గనుల్లో పనిచేసిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. వాళ్లందరూ వెళ్లిపోయారు. ప్లేట్లు మాత్రం అటకల మీద, చర్చి గదుల్లో, పనిమనుషుల ఇళ్లలో మిగిలాయి.

దగ్గు

నాకు మోనో అంటే ఏమిటో మొదట నేర్పింది ఎస్తేరమ్మ గారు. ఊరి బయట క్షయ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. అక్కడి నుంచి వెళ్లిపోతూ ఒక తెల్లదొర డాక్టరు ఆమెకు ప్లేయరు, ఒకే ఒక్క ప్లేటు ఇచ్చాడట. ప్లేయరు పాడైపోయింది. ప్లేటులోని పాటను క్యాసెట్లోకి ఎక్కించి ఇమ్మని తెచ్చారు.

ఆ ప్లేటు నిండా గీతలు. సరిగ్గా అదే పాట ఉన్న కొత్త స్టీరియో ప్లేటు ఒకటి నా దగ్గర ఉంది. ఆమెకు మంచి చేస్తున్నాననుకుని, దాని నుంచి శుభ్రంగా క్యాసెట్ చేసి ఇచ్చాను. రెండు రోజుల తర్వాత ఆమె ఎండలో నడుచుకుంటూ మళ్లీ వచ్చారు. క్యాసెట్‌ను బల్ల మీద పెట్టి, ఇది ఆ పాట కాదన్నారు. పేరు అదే, పాడినవాళ్లు వాళ్లే అని నేను వాదించాను.

“దగ్గు యాడుండాది?” అని అడిగారు.

అప్పుడు ఆమె ప్లేటు పెట్టి విన్నాను. మొదట డ్రమ్ము, ఆ తర్వాత గిటారు, పాడబోయే ముందు ఒక చిన్న దగ్గు. నా స్టీరియో ప్లేటులో అక్కడ ఏమీ లేదు. కలిపినవాడు దాన్ని తుడిచేశాడు.

ఆమె చెప్పిందేమిటంటే, డాక్టరు సాయంత్రం పూట వార్డు వరండాలో ఆ ప్లేటు పెట్టేవాడట. రోగులకు ఆ పాటలో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆ దగ్గు వచ్చేసరికి మాత్రం అందరూ నవ్వేవాళ్లట. ‘ఈయప్పకీ మన జబ్బే ఉండాది’ అని ఒకాయన ప్రతి రోజూ అనేవాడట. అలా నవ్వినవాళ్లలో ఇంటికి పోయినవాళ్లు కొందరు, పోనివాళ్లు కొందరు.

“దగ్గు లేకుంటే నాకు ఎవురూ గుర్తుకు రారప్పా,” అన్నారు ఎస్తేరమ్మ గారు.

గీతలతో సహా ఆమె ప్లేటునే మళ్లీ ఎక్కించి ఇచ్చాను. ఆమె పోయిన తర్వాత అక్క కూతురు ఇల్లు ఖాళీ చేస్తుంటే నేనే వెళ్లి ఆ ప్లేటు తెచ్చి బెంగళూరుకు పంపాను. దగ్గు ఉన్న మోనో ప్లేట్లు తక్కువ. అది ఇప్పుడు జపానులో ఎవరి అలమరాలోనో ఉంది. ఎందుకు పంపావంటే, అదే నా పని కాబట్టి. అప్పట్లో ఈ జవాబు నాకు సరిపోయింది.

శ్యామ్‌సుందర్ సారు

నాకు పై అధికారి అనదగ్గవారు ఒక్కరే, బెంగళూరు శ్యామ్‌సుందర్ సారు. కొని అమ్మేవారు, తనకోసం దాచుకునేవారు కూడా. ఎస్తేరమ్మ గారి ప్లేటు సంగతి నా నోటి నుంచి విని నన్ను పనిలోకి తీసుకున్నారు. ఆరు నెలలు, నెలకు రెండు ఆదివారాలు బెంగళూరుకు పిలిపించి నా చెవికి పాఠం చెప్పారు. ఒకే పాట రెండు టేకులు పెట్టి తేడా చెప్పమనేవారు. పదాలు తెలియకపోవడమే నాకు మంచిదైంది. పాట ఏం చెబుతోందన్న గొడవ లేకుండా ఊపిరి తీసిన చోటు, కుర్చీ కిర్రుమన్న చోటు, డ్రమ్ము కర్ర ఆలస్యమైన చోటు నాకు తెలిసిపోయేవి. సారు ఎన్నడూ బాగా చెప్పావు అనలేదు. సరిగ్గా చెబితే తర్వాతి ప్లేటు పెట్టేవారు, అంతే.

అంత చెవి ఉన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. మా ఇంటావిడకు ఆపరేషన్ అయినప్పుడు మూడు రోజులు ఆసుపత్రి వరండాలో నాతోపాటు కూర్చున్నారు. ఆ మంచితనాన్ని కాదనను. కానీ ఆయన దగ్గర రెండు సూత్రాలుండేవి. వాటిని పాటించినంత కాలం నేను చెడ్డపని చేశానని ఇప్పుడనుకుంటున్నాను. ఒకటి, సొంతదారు కంటే ముందు మనం వినాలి. రెండు, విన్నదేమిటో సొంతదారుకు చెప్పకూడదు.

వినేవాళ్లు ఎక్కువైతే దాని విలువ తగ్గిపోతుందని ఆయన నమ్మకం. ఆయన అలమరాలో ప్రపంచంలో ఇంకెక్కడా లేని టేకులు ఉండేవి. వాటిని ఆయన కూడా వినేవారు కాదు. వింటే అరిగిపోతాయని.

పుంగనూరులో మూడు నోటుపుస్తకాలు

పుంగనూరులో గంగాధరం గారని మందుల షాపు నడిపేవారు. ఒకే ఒక్క పాటను ఇరవై ఏడు రకాలుగా సేకరించారు. మోనో, స్టీరియో, వేరే దేశాల అచ్చులు, ఎవరెవరి దగ్గరో సంపాదించిన టేకులు. నా దగ్గరికి వస్తే కూర్చునేవారు కాదు. దొరికిందా, లేదా అని రెండే మాటలు. ఆయన పోయిన నెల తర్వాత భార్య సుశీలమ్మ గారు కబురు పెడితే వెళ్లాను.

ఆమె ప్లేట్లన్నీ వరసగా మంచం మీద పేర్చి పెట్టారు. ముప్పై ఏళ్లు ఆయన షాపు మూసి వచ్చి ఆ పాటే పెట్టుకుని, ఎవరూ మాట్లాడకూడదని చెయ్యెత్తేవాడట. “అంత బాగుంటాదా అప్పా అది?” అని అడిగారు. బాగుంటుందనే అన్నాను.

ఆయన రాసిపెట్టుకున్న మూడు నోటుపుస్తకాలు కూడా తెచ్చి ఇచ్చారు. అన్నీ తెలుగులో, చిన్న అక్షరాలు. ‘మూడో టేకు. రెండో చరణంలో డ్రమ్ము వెనకబడింది. గొంతు పొడిగా ఉంది.’ ‘ఆరో టేకు. చివర బేసు గిటారు తప్పు.’ పేజీల కొద్దీ ఇంతే. ఆయనకు అన్నింటికంటే నచ్చింది ఏదో రాశాడేమో చూడమని సుశీలమ్మ గారు అడిగారు. ఆమెకు చత్వారం, అద్దాలు విరిగిపోయాయట. నేను మూడు పుస్తకాలూ తిప్పాను. నచ్చిందన్న మాట ఎక్కడా లేదు. తప్పులు పట్టడానికే అన్నేళ్లు విన్నట్టుంది. మూడో పుస్తకంలో ఒకచోట మాత్రం, ‘ఈ పొద్దు వినలేదు. సుశీలకు జ్వరం,’ అని ఉంది.

అది చదివి వినిపించాను. ఆమె ఇంకోసారి చదవమన్నారు. తర్వాత ఆ కాగితం చింపి ఇమ్మన్నారు, ఇచ్చాను.

ప్లేట్లు తీసుకుని, నోటుపుస్తకాలు అక్కడే వదిలేసి వచ్చాను. సారుకు కావలసింది ప్లేట్లే కదా అనుకున్నాను. బెంగళూరులో చూస్తే గంగాధరం గారు అట్టలు మార్చి మార్చి పెట్టారు. ఏ ప్లేటు ఏదో ఆ పుస్తకాల్లోనే ఉంది. పరుగెత్తుకుంటూ వెనక్కి పోతే, షాపు పాత బిల్లులతోపాటు పుస్తకాలు పాత సామాన్లవాడికి వెళ్లిపోయాయి. ఆయన జీవితమంతా చేసిన పని నా తొందరవల్ల వారంలో మామూలు ప్లేట్ల కుప్ప అయిపోయింది. ఎవరింటికైనా వెళితే ముందు కాగితాలు అడగండి. మనిషి ఏం విన్నాడో ప్లేటులో ఉండదు.

డానియేలు

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికే పై మాటలన్నీ రాశాను. దాదాపు పన్నెండేళ్ల కిందటి సంగతి.

బెంగళూరులో ఒకప్పుడు కుర్రవాళ్ల రాక్ బ్యాండు ఒకటి ఉండేది. పేరు రాయను. ఒక్క ప్లేటు వేసి విడిపోయారు. ఆ ప్లేటు కోసం ఇప్పుడు బయటి దేశాలవాళ్లు కొట్టుకుంటారు. దాని మధ్యలో గిటారు ఒంటరిగా వాయించే భాగం ఉంది. అచ్చయింది కాకుండా వేరే టేకు ఒకటి ఉందని, అందులో గిటారు వాయించింది ఇంకొకడని, ఆ టేపు కుప్పంలో ఉందని సారుకు ఎవరో చెప్పారు.

ఆ ఇంకొకడే డానియేలు. శాంతిపురం పక్క పల్లెవాడు. చిన్నప్పుడు చెవిలో చీము పట్టి ఎడమ చెవి పోయింది. పని వెతుక్కుంటూ బెంగళూరు పోయి, ఆ బ్యాండు వాయించే హోటల్లో సామాన్లు మోస్తూ వాళ్ల చేతులు చూసి గిటారు నేర్చుకున్నాడు. వాళ్ల గిటారు మనిషి ఊళ్లో లేని రోజు స్టూడియోలో ఇతని చేత వాయింపించారు. తర్వాత ఆ మనిషి తిరిగివచ్చి ఆ భాగం మళ్లీ తనే వాయించాడు. ప్లేటు మీద అచ్చయింది అదే. డానియేలు పేరు అట్ట మీద కూడా లేదు. టేపు తుడిచి మళ్లీ వాడుకునేవాళ్లే కానీ, స్టూడియోలో పనిచేసే ఒకాయన జాలిపడి దాన్ని ఇతని చేతిలో పెట్టాడు. డానియేలు ఊరికి వచ్చేశాడు. గ్రానైట్ యూనిట్లో లారీలు చూసుకునే పనిచేసి, ఆదివారాలు చర్చిలో వాయించి, డెబ్బైకి దగ్గరయ్యాడు. ఊరికి వచ్చాక రీలు టేపు పెట్టే మిషను చూసింది లేదు. వాయించిన రోజు తర్వాత ఆ టేకును ఆయన ఒక్కసారి కూడా వినలేదు.

సారు కార్లో మిషను పెట్టుకుని కుప్పం వెళ్లాము. రైలు పట్టాల పక్కన రెండు గదుల ఇల్లు. డానియేలు మాకోసం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చుని ఉన్నాడు. కుడి చెవి మా వైపు తిప్పి వినేవాడు. టేపు ఊరికే తీసుకుపొమ్మన్నాడు. ఒకసారి వినిపిస్తే చాలునన్నాడు. స్టీరియో సంగతి వస్తే, తనకు ఉండేది ఒక చెవి కాబట్టి ఒక స్పీకరే చాలని నవ్వాడు. సారు కూడా నవ్వారు.

టేపు డబ్బా నా చేతిలో పెట్టి ఆయన చెప్పిన మాటలు నాకింకా గుర్తు.

“ప్లేటులో ఉండేది నేను కాదప్పా. దీంట్లో ఉండేది నేను. మా పాపకు ఎన్నోతూర్లు సెప్పినాను, నమ్మిందో లేదో. అంగన్వాడీలో ఉండాది, పిల్చుకోనొస్తాను. అంతదాకా పెట్టద్దండి.”

పాప అంటే రూతు, ఆయన కూతురు. నలభై దాటిన మనిషి, రెండు వీధుల అవతల అంగన్వాడీలో టీచరు. ఆయన చెప్పులేసుకుని వెళ్లాడు.

నేను టేపు అంచు వేలితో తాకి చూశాను. జిగురుగా ఉంది. ఆ కాలపు కొన్ని టేపులకు ఈ జబ్బు ఉంటుంది. చెమ్మ తగిలి, పాటను పట్టుకుని ఉండే పైపూత మెత్తబడిపోతుంది. అలాంటిదాన్ని సన్నని వేడిలో ఒక పూటంతా ఆరబెట్టి, అప్పుడు ఒక్కసారి వాయించి, వాయిస్తూనే రికార్డు చేసుకోవాలి. షాపులో దానికోసం బల్బు పెట్టిన పెట్టె ఒకటి నేనే తయారు చేసుకున్నాను. ఈరోజు వద్దు, మదనపల్లెకు తీసుకుపోయి ఆరబెడతానని సారుకు చెప్పాను.

సారు వాకిలి వైపు చూశారు. పది సెకన్లు పెట్టు, అసలు ఇందులో ఏమైనా ఉందో లేదో చూద్దాం అన్నారు. సొంతదారు కంటే ముందు వినాలి కదా. రికార్డు చేసే ల్యాప్‌టాప్ ఇంకా కార్లోనే ఉంది.

వద్దని నేను గట్టిగా చెప్పలేదు. టేపు ఎక్కించి మీట నొక్కాను.

మొదట కీచుమని చప్పుడు. పూత రాలుతోందని ఆ చప్పుడుకు అర్థం. అక్కడే ఆపాలి. ఈ పనిలో మొదటి ఏడాది పిల్లవాడికి కూడా ఆ సంగతి తెలుసు. నా వేలు మీట మీదనే ఉంది. అంతలో డ్రమ్ము వచ్చింది, పాట వచ్చింది, పాట మధ్యలో గిటారు లేచింది.

నేను ఆపలేదు. ఎందుకు ఆపలేదని ఎన్నిసార్లు నన్ను నేను అడుక్కున్నానో లెక్కలేదు. సారు చెప్పారని కాదు. సారు కళ్లు మూసుకుని ఉన్నారు. నేను వింటున్నాను, అంతే. తర్వాత ఏం వస్తుందో వినాలనిపించింది. అప్పటిదాకా అచ్చయిన ప్లేటులో ఆ భాగం నేను వందసార్లు విన్నాను. అది బాగా చదువుకున్నవాడు మాట్లాడినట్టుంటుంది. ఇది అలా లేదు. చేతిలో ఒకటే రోజు ఉందని తెలిసినవాడు వాయించినట్టుంది.

పాట అయిపోయింది. చూస్తే మిషనులో టేపు రాసుకునే హెడ్డు మీద గోధుమరంగు పొడి, మిషను మూత మీద పొడి, నా వేళ్లకు పొడి. అవతలి చక్రం మీద చుట్టుకున్న టేపును కొంచెం లాగి చూస్తే చాలాచోట్ల ఇవతలి నుంచి అవతలికి వెలుతురు కనిపిస్తోంది. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. గాలి వీచినట్టు చప్పుడు తప్ప ఏమీ లేదు.

డానియేలు, రూతు చెప్పులు విడుస్తున్న చప్పుడు వినబడింది. నేను జేబు రుమాలుతో ఆ పొడి తుడిచేశాను. నా జీవితంలో అంత వేగంగా మిషను శుభ్రం చేసింది ఎన్నడూ లేదు.

సారు లేచి నిలబడి, టేపు ఖాళీగా ఉందని, కాలం తినేసిందని చెప్పారు. రూతు వాళ్ల నాన్న వైపు చూసింది. డానియేలు సారును వదిలేసి కుడి చెవి నా వైపు తిప్పాడు.

“రెడ్డెప్పా, నువ్వు గూడా ఏమీ వినలేదా?”

“లేదప్పా,” అన్నాను.

ఆయన కుర్చీలో కూర్చుని చేతులు చూసుకున్నాడు.

“అట్లయితే నేను వాయించనే లేదేమో,” అన్నాడు. “ఇన్నేండ్లూ వాయించినాననే అనుకుంటాండాను.”

రూతు ఆయన భుజం మీద చెయ్యి వేసి, పోనీలే నాయనా అంది. తర్వాత మాకు కాఫీ కలిపి తెచ్చింది. మేమిద్దరం ఆ కాఫీ తాగాము.

కార్లో సారు చెప్పిన మాట ఇది. ఖాళీగా ఉందంటే తప్పు టేపుది, విన్నామంటే తప్పు మనది. అది నిజమే. నన్ను కుప్పం బస్టాండులో దింపి ఆయన బెంగళూరు వెళ్లిపోయారు. పలమనేరు దాటి పుంగనూరు వచ్చేదాకా బస్సులో నేను ఆ గిటారునే మనసులో తిప్పుకుంటూ కూర్చున్నాను, మరిచిపోకూడదని.

ఆ తర్వాత నేను సారును వదిలేశానని రాస్తే బాగుంటుంది. వదల్లేదు. ఆయన పోయేదాకా, ఇంకా నాలుగేళ్లు, ఆయన పనే చేశాను. కుప్పం వైపు ప్లేట్లు ఉన్నాయని కబురొస్తే మాత్రం ఏదో ఒక సాకు చెప్పేవాడిని. రామకుప్పంలో ఒకరింట్లో పెట్టె నిండా ఉన్నాయన్నారు. ఏనుగులు తిరుగుతున్నాయట, దారి బాగుండదట అని తప్పించుకున్నాను.

మళ్లీ కుప్పం

నిరుడు షాపు మూసేశాను. చేతులు ఖాళీ అయ్యాక తప్పించుకోవడానికి పని కూడా మిగల్లేదు. ఒక ఉదయం బస్సెక్కి కుప్పం వెళ్లాను.

తలుపు తీసింది రూతు. నన్ను గుర్తుపట్టింది. నాన్న ఉన్నాడని, కానీ రెండో చెవి కూడా మూడేళ్ల కిందటే పోయిందని, చెవికి మిషను పెట్టి చూసినా లాభం లేకపోయిందని చెప్పింది. ఏదైనా చెప్పాలంటే రాసి చూపించాలట. అంగన్వాడీ పిల్లల పలక ఒకటి ఆయన మంచం పక్కనే ఉంది.

డానియేలు బాగా చిక్కిపోయాడు. నేనెవరో పలక మీద రూతు రాసింది. ఆయన తల ఊపాడు. నేను పలక తీసుకున్నాను. దారి పొడుగునా ఎలా చెప్పాలా అనుకుంటూ వచ్చినవి ఏవీ పలక మీద పట్టలేదు. ఇంతే రాశాను: ‘ఆ టేపు ఖాళీ కాదు. నేను విన్నాను. వాయించింది మీరే. ఆరబెట్టకుండా పెట్టి నేనే పాడు చేశాను. ఆరోజు అబద్ధం చెప్పాను.’

ఆయన రెండుసార్లు చదివాడు. రూతు వెనక నిలబడి చదివింది. ఆమె తిడుతుందని ఎదురుచూశాను. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

“ఎట్లుండె?” అని అడిగాడు డానియేలు. తన గొంతు తనకే వినబడని మనిషి కాబట్టి గట్టిగా అడిగాడు.

స్వరాల పేర్లు నాకు తెలియవు. తెలిసినంతలో రాశాను. మొదట ఒకే తీగ మీద ఆగి ఆగి మొదలుపెట్టారని, తర్వాత పైకి పోయి అక్కడ నిలబడ్డారని, దిగేటప్పుడు ఒకచోట వేలు జారిందని, ఆపకుండా ఆ జారిన స్వరాన్నే మళ్లీ పట్టుకుని దాని మీదుగా ముందుకు పోయారని. పలక మూడుసార్లు తుడిచి రాయాల్సి వచ్చింది. ఆయన ప్రతి ముక్కా ఓపికగా చదివాడు. వేలు జారిన చోటికి వచ్చేసరికి తలెత్తాడు.

“ఔ. ఆడ జారింది,” అన్నాడు. “ఆ సంగతి నేను ఎవురికీ సెప్పలేదు. మా పాపకు గూడా.”

ఎడమ చేతి ఉంగరపు వేలు చూసుకున్నాడు. ఆ కాసేపు ఆయన ముఖం చూసి, రావడమే మంచిదైందని అనుకున్నాను. అంతలో ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. అది రావడం నాకు కనిపించింది.

“ఆ పొద్దే సెప్పుంటే నోటితోనన్నా పాడి వినిపించుంటావు గదప్పా,” అన్నాడు. “అప్పుడు ఒక చెవుండె నాకు.”

పలక నా ఒళ్లోనే ఉంది.

ఆయన మంచం మీద ముందుకు జరిగి, కుడి చెయ్యి చాచి నా గొంతు మీద పెట్టాడు. వేళ్లు చల్లగా ఉన్నాయి. ఇప్పుడు పాడమని సైగ చేశాడు. రూతు కిటికీ దగ్గర నుంచి ఇటు తిరిగింది.

నేను కూనిరాగం మొదలుపెట్టాను. ఆ ఒక్క తీగ మీది ఆగి ఆగి వచ్చే మొదలు, పైకి పోవడం, అక్కడ నిలబడడం, దిగడం, జారడం, అక్కడిదాకా వచ్చింది. ఆ తర్వాతిది రాలేదు. పుంగనూరు దాకా బస్సులో తిప్పుకున్నది, ఏళ్ల తరబడి నాలో ఉందనుకున్నది, వెతికితే అక్కడ లేదు. గొంతు ఆగిపోయింది.

డానియేలు కళ్లు మూసుకుని ఉన్నాడు. చెయ్యి తియ్యలేదు. ఇంకా ఉందని ఆయనకు తెలుసు. నా గొంతు మీద అలాగే చెయ్యి పెట్టుకుని మిగతాది వస్తుందని కాచుకుని కూర్చున్నాడు.